నీలం లారీ

కొండ దిగుడు మొదట్లోనే ఈల మోగింది. మామూలు ఈల కాదు, చెవిలో సూది దింపినట్టు మోగింది.

నీలం లారీ బుసకొట్టి ఆగింది.

బండిలో ముప్ఫై టన్నుల రాయి. కాగితంలో మాత్రం పదహారే. మిగతా పద్నాలుగూ గాల్లో తేలుతున్నాయన్నమాట!

డ్రైవరు అసలు పేరు వాళ్లమ్మ కూడా మరిచిపోయింది. అందరికీ వాడు రాకెట్.

రోడ్డు నడిమధ్య ఓ బక్కపల్చటి ముసలాయన. ఖాకీ చొక్కా, ఖాకీ టోపీ, మెడలో ఈల. కాళ్లకి మాత్రం రబ్బరు చెప్పులు.

"దిగు బాబూ."

రాకెట్ దిగి తలుపు వేశాడు. పర్మిట్ కాగితంలో ఓ నోటు మడతపెట్టి అందించాడు.

"తొందర్లో ఉన్నాను సార్. నాలుగింటికి రేవు గేటు మూసేస్తారు. లోడు అందకపోతే మావయ్య నన్నిక బండి ముట్టుకోనివ్వడు."

ముసలాయన ఈగను తోలినట్టు నోటును తోలేశాడు.

నోటు వద్దనే ఇన్‌స్పెక్టరును రాకెట్ బుద్ధెరిగాక చూడలేదు!

ముసలాయన చక్రం దగ్గర వంగి, పొయ్యి మీద కూర వాసన చూసినట్టు బ్రేకు డ్రమ్ము వాసన చూశాడు.

"మాడింది. ఇది ఈ కొండ దిగదు. రెండు గంటలు చల్లారనీ. సగం రాయి ఇక్కడే దింపెయ్."

"రాయి దింపితే మావయ్య నన్ను దింపేస్తాడు సార్!"

మాట పూర్తికాలేదు, ముసలాయన లారీ మెట్టెక్కేశాడు.

ఆ లారీ తలుపు మహా మొండిది. కింద మోకాలితో ఒక్క పోటు పొడిచి, పైకెత్తి లాగితేగానీ రాదు. ఆ కిటుకు అబ్బడానికి రాకెట్‌కి నెల పట్టింది, రెండు చొక్కాలు చిరిగాయి.

ముసలాయన పొడిచాడు, ఎత్తాడు, లాగాడు. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"అబ్బో, ఎన్ని బళ్లు పట్టిన ఘటమో!" అనుకుని రాకెట్ ఫోను తీశాడు.

"మావయ్యా, ఇన్‌స్పెక్టరు పట్టుకున్నాడు!"

"ఏ ఇన్‌స్పెక్టర్రా? ఇవాళ కొండ మీద తనిఖీ లేదు. తనిఖీ ఉంటే వాళ్లకంటే ముందు నాకు తెలుస్తుంది."

"ఖాకీ వేసుకున్నాడు, ఈల ఉంది..."

"కాళ్లకేముంది?"

"రబ్బరు చెప్పులు."

"దొంగ సచ్చినోడు! తాళం లాక్కుని బయల్దేరు అల్లుడూ. వాడి సంగతి నేను పోలీసులకి చెప్తా. నీకేం భయం, ఒక్క గీతైనా పడని బండిరా అది!"

అంతే. రాకెట్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఏం తాతా, ఏ నాటకంలోంచి పారిపోయొచ్చావ్?"

జేబులో చెయ్యి పెట్టి తాళం లాగేసుకున్నాడు. ముసలాయన వెల్లకిలా పడ్డాడు. ఓ చెప్పు ఎగిరి లోయలో పడింది.

లారీ కదిలింది. వెనక ఈల. ఈల వెనకే కేక.

"ఒరే బాబూ! బ్రేకు పడకపోతే మూడో మలుపులో స్టీరింగు ఎడమకి లాగుతుంది! దాంతో పోట్లాడకు! లాగనీ!"

"ముందు నీ చెప్పు వెతుక్కో!"

మొదటి మలుపులో బ్రేకు పడింది. రెండో మలుపులో దూదిలో కాలు పెట్టినట్టుంది. ఆ తర్వాత కాలు పోయి నేలకి తగిలింది.

గేరు మార్చబోతే గరగర. చెట్లన్నీ ఎదురు పరుగు. వాడు రెండో మలుపులో పెట్టిన గావుకేక వాడికే మూడో మలుపులో వినబడిందంటే నమ్మండి!

ఎదురుగా లోయ. స్టీరింగు ఎడమకి లాగింది. కుడికి తిప్పబోయాడు. చెవిలో ముసలాయన కేక మోగింది.

"లాగనీ!"

వదిలేశాడు.

లారీ రోడ్డు దాటి, ఎడమ వైపున్న ఇసుక గుట్టలోకి దూసుకెళ్లింది. చక్రాలు మునిగాయి, బంపరు మునిగింది, ఆగింది.

రాకెట్ కాళ్లూ చేతులూ లెక్క చూసుకున్నాడు. సరిపోయాయి. కిందికి దూకి గంతులేశాడు.

గట్టు మీద మేకలు కాసుకుంటున్న ముసలావిడ పరుగెత్తుకొచ్చింది.

"బతికావా నాయనా?"

"బతికాను పెద్దమ్మా! ఆ రోడ్డు వాళ్ల కడుపు చల్లగుండ, సరైన చోట పోశారు ఇసుక!"

"రోడ్డు వాళ్లా? వాళ్లు ఇటు తొంగిచూసి ఎన్నేళ్లయిందో! పైన ఈల ఊదే ఆయన పోశాడు. పొద్దున సైకిలు మీద ఓ బస్తా, సాయంత్రం ఓ బస్తా. పన్నెండేళ్లుగా."

రాకెట్ గంతులు ఆగిపోయాయి.

అంతలో పైనుంచి పోలీసు జీపు దిగింది. వెనక సీట్లో ముసలాయన, ఒక్క కాలికే చెప్పు. ఇసుకలో లారీని చూశాడు. నిలబడ్డ రాకెట్‌ని చూశాడు. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"ఆపండి సార్! ఆయన..." అంటూ రాకెట్ జీపు వెంట పరుగెత్తాడు.

జీపు మలుపు తిరిగిపోయింది. ఆ పూట కొండ మీద చట్టానికి దొరికింది ఆయనొక్కడే.

"ఇసుక ఎందుకు పోసేవాడు పెద్దమ్మా?"

"వాళ్ల బండి ఇక్కడే లోయలో పడింది నాయనా. అన్నదమ్ములిద్దరూ వంతులేసుకుని నడిపేవారు. ఆ పూట తమ్ముడి వంతు. ఇవతలి నుంచి ఈయన దూకేశాడు. తమ్ముడి వైపు తలుపు రాలేదు."

రాకెట్ తన లారీ తలుపు వైపు చూశాడు.

"ఆ బండి ఏమైంది?"

"ఎవరో పైకి లాగించి పట్టుకుపోయారు. ఎర్ర బండి."

రాకెట్ మెల్లగా లారీ ముందుకు వెళ్లి ఇసుక తోశాడు. ఒక్క గీతైనా పడని ఆ బండి బంపరు మీద జానెడు మేర నీలం రంగు గీక్కుపోయింది, కింద ఎర్రగా ఉంది.