బోర్డు లేని అంగడి

“కామా కూడా వదల్లేదు ఛాయా! మాటలు నీవే, ఫోటో నీదే. ఆ గ్రైండర్ పక్కన చెయ్యి నీది, చేతికున్న గాజులు నీవి. పైన మాత్రం నీ తమ్ముడి సైటు పేరు!”

రాజగోపాల్ ల్యాప్‌టాప్‌ని డైనింగ్ టేబుల్ మీద భార్య వైపు తిప్పాడు. ఛాయాదేవి అటు చూడనైనా లేదు. తిరుగుతున్న గ్రైండర్ ఆపి, పిండిని వేళ్ల మధ్య రుద్ది చూసింది.

“ఇంకా గరుగ్గా ఉండాది. కొంచెంసేపు తిరగాల,” అంది.

బ్రూక్‌ఫీల్డ్‌లోని ఆ వంటగదే ఆమె ఆఫీసు. విదేశాల్లో ఉన్న మనవాళ్లకి అక్కడి కరెంటుకు పనికొచ్చే గ్రైండర్లు, మిక్సీలు, ఇడ్లీ కుక్కర్లు తెప్పించి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడి చూసి, ఏది మంచిదో బ్లాగులో రాస్తుంది. రాసినదాని కింద, ఆ వస్తువు అమ్మే షాపుకి లింకు పెడుతుంది. లింకు చివర ఆమె కోడు ఉంటుంది. కోడుగా తండ్రి పేరే పెట్టుకుంది, చిన్నప్ప అని. ఆ దారిన వెళ్లి ఎవరేం కొన్నా షాపువాళ్లు ఆమెకి కమీషన్ పంపుతారు. చెక్కు చేతికి రావడానికి మాత్రం రెండు నెలలు పడుతుంది.

మాంద్యం దెబ్బకి రాజగోపాల్ ఉద్యోగం పోయాక ఇల్లు నడుపుతున్నది ఆ బ్లాగే. ఇప్పుడు దానికీ కష్టం వచ్చింది. గూగుల్లో వెతికితే ముందు తమ్ముడు దీపక్ సైటు వస్తోంది. ఛాయాదేవి బ్లాగు రెండో పేజీకి జారిపోయింది. వచ్చే జనం సగానికి సగం తగ్గారు.

పుణె నుంచి రాజగోపాల్‌కి ఒక ఉద్యోగం పిలుస్తోంది. జీతం పాతదాంట్లో సగం. కంపెనీ ఇచ్చే ఒంటి గదిలో మనుషులకే చోటు చాలదు, ఇక ఇన్ని గ్రైండర్లకెక్కడిది? వెళ్లడమంటే బ్లాగు మూసేయడమే. అవునో కాదో ఈ మధ్యాహ్నం వాళ్లు ఫోన్ చేసినప్పుడు చెప్పాలి.

“లాయర్ నోటీసు రెడీగా ఉంది. నువ్వు ఊ అంటే చాలు, రేపే పంపిస్తాను.”

“వద్దండీ.”

“తమ్ముడనేగా?”

“వాణ్ణి భోజనానికి పిలిచినాను. గొడవ పెట్టుకోకండి.”

“దొంగకి విందు కూడానా!”

కాలింగ్ బెల్ మోగింది. దీపక్ ఒక చేతిలో హెల్మెట్, ఇంకో చేతిలో మైసూర్ పాక్ పెట్టెతో నవ్వుతూ లోపలికి వచ్చాడు. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. సైటు నడపడం అతనికి సరదా.

“ఏమప్పా దీపూ,” ఇడ్లీలు వడ్డిస్తూ అడిగింది ఛాయాదేవి, “నా బ్లాగంతా ఎత్తుకుపోయినావంట?”

“నేనెక్కడ ఎత్తినా అక్కా? ఒక ప్రోగ్రామ్ పెట్టినా, అంతే. నువ్వు పోస్ట్ వేస్తే చాలు, దాని పాటికి అదే తెచ్చి నా సైట్లో పడేస్తాది. ఒక్కటి చదివింటే ఒట్టు!”

“సిగ్గు లేకపోతే సరి,” అన్నాడు రాజగోపాల్.

“బావా, రోజుకి ట్వెంటీ థౌజండ్ విజిటర్స్! పక్కన యాడ్స్. చిల్లర రాలతా ఉండాది.”

“మీ అక్క గ్రైండర్ రుబ్బితే నీకు చిల్లరా?”

దీపక్ నవ్వు తగ్గింది. అక్క ముఖంలోకి చూశాడు.

“నీకు కష్టమైతే చెప్పక్కా. ల్యాప్‌టాప్ ఇట్లియ్యి, ఇప్పుడే అంతా తీసేస్తా. నిమిషం పని.”

రాజగోపాల్ ల్యాప్‌టాప్‌ని గబుక్కున అతని ముందుకి తోశాడు. ఛాయాదేవి అంతకంటే వేగంగా దాని మూత వేసేసింది.

“వద్దప్పా. ఉండనీ.”

“పోనీ, కింద నీ పేరన్నా వేసేదా?”

“నా పేరెందుకులే. సాంబారు పోసుకో.”

దీపక్ కళ్లు చెమర్చాయి. మరో నాలుగు ఇడ్లీలు తిని, “అక్కంటే మా అక్కే బావా,” అని వెళ్లిపోయాడు.

తలుపు మూయగానే రాజగోపాల్ విరుచుకుపడ్డాడు. “వాడంతట వాడు తీసేస్తానంటే వద్దంటావా? గూగుల్లో మొదటి స్థానం ఇంటికొచ్చి తలుపు తడితే తరిమేశావు! తమ్ముడి మీద ప్రేమ చూసుకో, ఇల్లేమైపోతే నీకెందుకు!”

“ఏమండీ, నగర్తపేటలో మా నాయన పాత్రల అంగడికి బోర్డు చూసినారా?”

“బోర్డెక్కడ ఏడ్చింది? సందు చివర చీకటి గది.”

“పేటలో ఏ అంగడికి పోయినా అమ్మేది ఆయన పాత్రలే. పెద్ద బోర్డు, లైట్లు, మెయిన్ రోడ్డు అద్దె, అంతా వాళ్ల ఖర్చు. పెండ్లయి ఇన్నేండ్లయినా మీకు మా బేరం తెలియలేదు.”

“నేను పుణె గురించి తల పట్టుకుంటే నువ్వు పాత్రల కథ చెప్తావేంటి?”

ఫోన్ మోగింది. పుణె నంబరే.

“రానని చెప్పండి,” అంది ఛాయాదేవి.

“దేన్ని చూసుకుని?”

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. దీపక్ సైటు అలాగే ఉంది. గ్రైండర్ ఫోటో కింద ఉన్న లింకు మీదికి బాణం గుర్తుని తెచ్చి, నొక్కకుండా ఆపింది. స్క్రీన్ అడుగున ఆ లింకు చిరునామా మొత్తం కనిపించింది. రాజగోపాల్ వంగి చదివాడు. తనే మౌస్ లాక్కుని మిక్సీ కింద లింకు చూశాడు. కుక్కర్ కింద చూశాడు. ఫోన్ మోగుతూనే ఉంది.

బామ్మర్ది సైట్లో ప్రతి లింకు చివరా చిన్నప్పే ఉన్నాడు.