కాలువ చూసొస్తా

“ఒక్క పూట ప్రయాణానికి ఆరు జతల మేజోళ్ళెందుకే?” అన్నాడు ఎలాదియో.

“అక్కడ చిక్కుకుపోతే?” అంది కాసిల్డా, సంచిలో ఏడో జత కుక్కుతూ.

“సెగోవియా ఏమన్నా ఎడారా, చిక్కుకోవడానికి? బస్సెక్కితే గంటలో ఊరు. సాయంత్రం ఏడింటి బస్సుకి వచ్చేస్తా.”

“మా తిబుర్సియో బాబాయీ ఇలాగే అన్నాడు. గుర్రానికి జీను కొనుక్కొస్తానని వెళ్ళాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, ముగ్గురు పిల్లలతో.”

ఎలాదియో ఆవిలా ఊరి కోటగోడ దగ్గర గైడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ ఎనభై ఎనిమిది బురుజులు, తొమ్మిది ద్వారాలు, రెండున్నర వేల కోటకొమ్మల లెక్క చెప్పి, చివర్లో “సెగోవియాలో ఉన్నది ఒట్టి నీళ్ళ కాలువండీ” అని ముగిస్తాడు. నిన్న ఎవరో “మీరు చూశారా?” అని అడిగారు. చూడలేదు. కాఫీ హోటల్లో ఊరంతా పడీపడీ నవ్వింది. అందుకని ఇవాళ చూసొచ్చి, రేపట్నుంచి సరిగ్గా తిడతానంటున్నాడు.

కాసిల్డా భయం వేరు. అక్కడ ఆ కాలువని చూసి ఈయన మనసు పారేసుకుంటే? అక్కడే గైడుగా చేరిపోతే?

“నేనూ వస్తున్నా,” అంది. “మిమ్మల్ని తిరిగి తీసుకురావడానికి.”

సెగోవియా చౌకులో బస్సు దిగగానే ఎలాదియో కాలువనే ఆ నీటి వంతెన కనిపించింది. రోమన్ల నాటిది. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి, మేడల నెత్తి మీదుగా ఆకాశంలోకి పోయింది. ఎలాదియో నోరు తెరుచుకుంది. కాసిల్డా గుండె జారింది.

“కాలువ!” అన్నాడు చివరికి. “బురుజేదీ? ఒక్కటుందా? ఉండు, కమాన్లు లెక్కపెట్టి వస్తా.”

ఆమె హమ్మయ్య అనుకుని బెంచీ మీద కూలబడింది. పక్కన ఒకాయన టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గైడు బిళ్ళ మీద ఫ్రుతోస్ అని ఉంది.

“మీరిక్కడ గైడా?”

“అవునమ్మా.”

“మరి చెప్పండి.”

“ఏం చెప్పాలి?”

“ఎన్ని కమాన్లు, ఎంత ఎత్తు, ఎవరు కట్టారు...”

ఆయన తలెత్తి చూశాడు. “కనిపిస్తూనే ఉందిగా తల్లీ!”

అంతే. మళ్ళీ మాట్లాడలేదు. కాసిల్డా కాసేపు ఎదురుచూసింది. తర్వాత పైన పిట్టల అరుపు వినిపించింది. పిట్టలు అరుస్తాయని ఆమె మర్చిపోయి చాలా ఏళ్ళయింది.

“మీకేమనిపిస్తోంది?” అన్నాడు ఫ్రుతోస్, పావుగంట తర్వాత.

ఆమెను ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. గాభరాగా అటూ ఇటూ చూసి, “పైన గూట్లో మేరీమాత విగ్రహం ఉంది కదా, అంత ఎత్తెక్కి దుమ్మెవరు దులుపుతారా అని,” అంది.

“ఇరవై ఏళ్ళుగా నాదీ అదే దిగులు,” అన్నాడాయన. ఇద్దరూ ఒకటే నవ్వు.

“నూట అరవై ఏడు!” ఎలాదియో రొప్పుతూ వచ్చాడు. “మన కోటకొమ్మల ముందు ఏ మూలకి? పద పద, బస్సు!” అని వెనక్కి చూడకుండా పరుగెత్తాడు.

దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ, కాలువకున్న లోపాలన్నీ వరసపెట్టి పక్క సీటుకు వివరించాడు. ఆవిలా గోడ కనపడగానే గర్వంగా “ఏమంటావ్?” అని తిరిగాడు.

పక్క సీట్లో ఒక ముసలి సన్యాసిని.

“మీరెక్కడైనా ఊపిరి పీల్చుకుంటే అడుగుదామని చూస్తున్నా నాయనా,” అందావిడ. “నా ఊరు దాటి అరగంటైంది.”

సెగోవియా వెళ్ళి తిరిగి రానిది కాసిల్డా. 1974 మే 12, ఆదివారం.