ఎవరూ పిలవని అంకె

గాజు పెట్టెలో డెబ్బై అయిదు బంతులు గాలికి గంతులేస్తున్నాయి. గొట్టంలోంచి పైకొచ్చిన ఒకదాన్ని బెర్నిస్ రెండు వేళ్ళతో పట్టుకుంది.

"బి పదకొండు!"

పట్టపగలే తొంభై మందికి చుక్కలు చూపించడం ఆమె పని. ఆదివారం చర్చి అయ్యాక, ఊరి ఫైర్ స్టేషన్ హాల్లో, ముప్ఫై ఏళ్ళుగా. ఫైరింజనుకు టైర్లొచ్చినా, నీటి గొట్టాలొచ్చినా ఈ బింగో పుణ్యమే. ఆమె పిలిచిన అంకె కార్డులో ఉంటే చుక్క పెట్టుకోవాలి, వరస నిండినవాళ్ళు గెలిచినట్టు. అంకెలు పిలిచేవాళ్ళు జీతం తీసుకోకూడదని రూలు. తీసుకోలేదు.

ముందు బల్ల దగ్గర ఆమె మొగుడు స్టాష్. ఒకప్పుడు ఆ ఇంజను నడిపినవాడు. ఇప్పుడు తన పేరే తనకు గుర్తులేదు.

చేతులు మాత్రం ఊరుకోవు. గుండీలు పీకుతాయి, తలుపు గడియలు పీకుతాయి. ఒక చుక్కల పెన్నూ ఒక పాత కార్డూ ఇస్తే మాత్రం మూడు గంటలు బుద్ధిగా చుక్కలు పెట్టుకుంటాడు. ఏ అంకె మీద అన్నది ఆయనకు అక్కర్లేదు.

ఇంకో బంతి తీసేలోపు ఒక చెయ్యి లేచింది.

రాష్ట్ర ప్రభుత్వం నుంచి కొత్తగా వచ్చిన తనిఖీ అధికారి, కెవిన్. మెళ్ళో గుర్తింపు కార్డు, చంకలో రూల్సు పుస్తకం.

"మేడమ్, ఈయన మీకేమవుతారు?"

"నలభై తొమ్మిదేళ్ళుగా మొగుడవుతున్నాడు."

"పిలిచేవాళ్ళ కుటుంబం ఆడకూడదండి."

"ఆడట్లేదు బాబూ. అది పోయిన నెల కార్డు. గెలవడానిక్కూడా లేదు."

"ముందు కార్డుంటే ఆటేనండి. పాత కార్డు ఉంచుకోవడం ఇంకో తప్పు."

అంటూనే కార్డు లాగేశాడు. పెన్ను కూడా.

స్టాష్ చేతులు ఖాళీ బల్లంతా తడుముకున్నాయి. చివరికి వాటికి చొక్కా గుండీ దొరికింది.

"తనిఖీకొచ్చావా, నీ ఖుషీకొచ్చావా?" మైకులో బెర్నిస్ గొంతు హాలంతా మోగింది. "లైసెన్సుకి సెన్సు కూడా ఉండాలని ఎవరూ చెప్పలేదా నీకు? ఈ ఊళ్ళో ఎవరి కొంప అంటుకున్నా ముందు పరిగెత్తింది ఈ మనిషేరా!"

"రూలు నేను రాయలేదండి."

"ఊఁ. బట్టీ మాత్రం పట్టావు."

కెవిన్ తల దించుకునే చెప్పాడు. "ఆయన్ని బయట కూర్చోబెట్టండి. లేదంటే మీరు మైకు వదిలెయ్యండి. బింగో లైసెన్సులో పేరున్న ఇంకొకరు పిలుస్తారు."

లైసెన్సులో ఉన్నవి రెండే పేర్లు. రెండో పేరుగలాయన తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు.

ఫైర్ చీఫ్ రే గబగబా వచ్చి గొంతు తగ్గించాడు. "పిన్నీ, ఈ ఒక్క పూటకీ స్టాష్ బాబాయిని నా కార్లో..."

"ఆయనేమన్నా కుక్కపిల్లట్రా, కార్లో పెట్టి తాళం వెయ్యడానికి?"

మైకు ఠప్పున బల్ల మీద పడింది.

బెర్నిస్ వేదిక దిగొచ్చి స్టాష్ పక్కన కుర్చీ లాక్కుంది. గుండీ మీంచి ఆయన చెయ్యి తీసి తన గుప్పిట్లో బిగించింది.

ఎదురుగా కూర్చున్న స్నేహితురాలు డొలోరెస్, తను కొనుక్కున్న కార్డుల కట్టలోంచి ఒకటి చింపి స్టాష్ ముందుకు తోసింది.

"ఇదిగో అబ్బాయ్. బెర్నీ ఇప్పుడు పిలవట్లేదు. కాబట్టి ఈయన పిలిచేదాని మొగుడు కాదు, ఉత్త మొగుడు. ఆ పెన్నిలా ఇయ్."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

కెవిన్ పుస్తకం తిరగేశాడు. ముందుకి. వెనక్కి.

పెన్ను ఇచ్చేశాడు.

వేదిక మీద ఎవరూ లేరు. హాల్లోంచి ఎవరూ కదల్లేదు.

స్టాష్ కార్డును కాసేపు చూశాడు. ఒక చుక్క పెట్టాడు.

డొలోరెస్ వంగి, ఆ చుక్క పడ్డ అంకె చూసి, మైకు అక్కర్లేని గొంతుతో చదివింది.

"జి యాభై రెండు!"

తొంభై తలలు కార్డుల మీదికి వంగాయి.