కిటికీ పక్క కుర్చీ

"దాని కడుపూ అబద్ధమే, కళ్లు తిరగడమూ అబద్ధమే! కావాలంటే నర్సమ్మని ఇప్పుడే పరీక్ష చెయ్యమనండి!"

చొక్కాల ఫ్యాక్టరీలో పెద్దిస్త్రీ గొంతు మిషన్ల మోతను మించిపోయింది. ఇస్త్రీ బల్లల దగ్గర ఉండేది ఇద్దరే. పెద్దామె పెద్దిస్త్రీ, చిన్నామె చిన్నిస్త్రీ. నెల తప్పిందని చెప్పగానే చిన్నిస్త్రీకి కిటికీ పక్కన కుర్చీ వేసి, దారాలు కత్తిరించే పని ఇచ్చారు. ఆమె వంతు చొక్కాలు కూడా పెద్దిస్త్రీ నెత్తినే పడ్డాయి. పొద్దుటి నుంచీ ఆవిరిలో నిలబడి ఆ కుర్చీ వైపు చూస్తుంటే ఒళ్లు మండిపోదూ మరి!

"ఓర్వలేనితనం అక్కా నీది," అంది చిన్నిస్త్రీ. "ఆరేళ్లకి నా కడుపు పండింది. చెయ్యనీ పరీక్ష, నాకేం భయం?"

"గంటకి అరవై చొక్కాలు పడాలిక్కడ! త్వరగా తేల్చుకుని తగలడండి," అంటూ సూపర్‌వైజరమ్మ ఇద్దర్నీ నర్సు గదిలోకి తోలి, తనూ గుమ్మంలో నిలబడింది.

ఐదు నిమిషాల తర్వాత నర్సు పరీక్ష పట్టీ చూసి తల అడ్డంగా ఊపింది.

"లేదమ్మా."

"అదేంటండీ! రెండు నెలలైంది కదా?"

"ఊపిరి సలపని పని, నిద్ర లేకపోవడం, ఎప్పుడూ ఏదో ఒక ఆదుర్దా. నెలల తరబడి అలా నలిగితే కొందరికి నెలసరి ఆగిపోతుంది. ఇంకేమైనా కారణముందేమో డాక్టరు చూడాలి. చీటీ రాస్తాను, వెళ్లు."

చిన్నిస్త్రీ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"నేను చెప్పలా!" అంది పెద్దిస్త్రీ. గెలిచినందుకు సంతోషం మాత్రం కలగలేదు. కాసేపు నసిగి, "ఐదు నెలలు ఆగినా అదేనాండీ?" అని అడిగింది.

"ఎవరికి?"

"నాకే. వయసు మీద పడిందనుకున్నా."

"ఎన్నేళ్లు నీకు?"

"ముప్పై మూడు."

నర్సు నిట్టూర్చి రెండో చీటీ కూడా రాసింది.

"అయిందా మీ సంబడం? పదండి పనికి!" అని కసిరింది సూపర్‌వైజరమ్మ. పెద్దిస్త్రీ చిన్నదాని భుజం పట్టుకుని బయటికి నడిపించింది.

వాళ్లు వెళ్లగానే సూపర్‌వైజరమ్మ తలుపు గడియ పెట్టి వచ్చి, నర్సు ముందు కూలబడింది.

"ఆ కుర్చీ వేసిందీ నేనే, రోజూ దాన్ని చూసి కుళ్లి చచ్చిందీ నేనే. నాకూ ఒక చీటీ రాయండి నర్సమ్మా, ఏడాదైంది."