మూత వేశాక వచ్చిన గీతలు

మా రీసెర్చి గైడు నన్ను “తల్లీ” అన్నాడంటే నా మాట కొట్టిపారేసినట్టే. ఆ రాత్రి కొండ మీది అబ్జర్వేటరీ నుంచి నేను ఫోను చేసినప్పుడూ అదే మాట.

“ఆ నీలి నక్షత్రం వర్ణపటంలో నైట్రోజన్ గీతలు గంటగంటకీ ముదురుతున్నాయి సార్. లోపల ఉడికిందంతా పైకి తేలుతోంది.”

“అది వేల ఏళ్ళు పట్టే పని తల్లీ. నీ కెమెరాలోనే ఏదో లోపం. ఆ ఫొటోలు చెరిపేసి పడుకో.”

నాకు ఒళ్ళు మండిపోయింది. లోపమెక్కడో తేల్చేద్దామని టెలిస్కోపుకి మూత బిగించి, పైకప్పు మూసి, దీపాలన్నీ ఆర్పేసి మళ్ళీ ఫొటో తీశాను. చీకటి తప్ప ఏమీ రాకూడదు.

గీతలు వచ్చాయి. ఇంకా ముదిరి వచ్చాయి. పైపొరలన్నీ ఊడిపోయిన ముసలి నక్షత్రంలోలాగా, హైడ్రోజన్ గీత మాత్రం మాయమైంది.

ఇంతలో ఫోను మోగింది. కొండ కింద క్వార్టర్స్ నుంచి ఆయనే అరుస్తున్నాడు.

“ఆ నీలం లైటు ఆపు! కిటికీలు మూసినా గదంతా పట్టపగల్లా ఉంది!”

“ఇక్కడ ఏ లైటూ లేదు సార్. మీ కళ్ళలోనే ఏదో లోపం. మూసుకుని పడుకోండి!”

ఫోను పెట్టేశాను. ఆ విసురులోనే కంప్యూటర్ తెర కూడా ఆర్పేసి వెనక్కి తిరిగాను.

దీపమన్నదే లేని ఆ గదిలో నా నీడ నేల మీద పొడుగ్గా పడి ఉంది. చూస్తుండగానే, నా వెనక నక్షత్రమేదో పైకెక్కుతున్నట్టు, అది మెల్లగా పొట్టిదవుతోంది.