సాంచ బందైనంక

"మీరు సముద్రం ఒడ్డున ఉన్నారు. అలలు వస్తున్నాయి... పోతున్నాయి..."

సృజన గొంతు తగ్గించి, పుస్తకంలో రాసినట్టే మెల్లగా చెబుతోంది.

కుర్చీలో కళ్లు మూసుకున్న మహేందర్ ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

"సముద్రం వద్దు మేడం."

"ఎందుకు?"

"మస్కట్ యాదికొస్తది. పాస్‌పోర్టు గుంజుకొని ఎనిమిది నెలలు గా సముద్రం ఒడ్డుకే రేకుల షెడ్డుల ఉంచిండ్రు."

సృజన నోట్‌బుక్ ఠపీమని మూసింది. పొద్దుటి నుంచి ఇలా మధ్యలో లేచినవాళ్లలో ఇతను నాలుగోవాడు.

హైదరాబాదులో రెండేళ్లు చదివి హిప్నాసిస్ వైద్యం నేర్చుకుంది. వారానికి రెండు రోజులు జగిత్యాల నుంచి బస్సులో ఊగుతూ సిరిసిల్లకు వస్తుంది. నేత కార్మికుల కోసం ఒక సేవాసంస్థ తెరిచిన కౌన్సెలింగ్ గది అది.

ఆర్డర్లు లేక ఊళ్లో సగం మరమగ్గాలు, అక్కడివాళ్ల మాటలో సాంచాలు, ఆగిపోయిన రోజులవి. కొందరు మగ్గాల పనికి మహారాష్ట్రలోని భివండి పోయారు. కొందరు గల్ఫ్ పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఉన్నవాళ్లకు నిద్ర లేదు.

సృజన వచ్చి రెండు నెలలైంది. ఆమె ముందు ఒక్కరు కూడా పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోలేదు.

"నెక్స్ట్ ఎవరు?" అని గట్టిగా పిలిచింది.

ఎవరూ రాలేదు.

విసుగ్గా వరండాలోకి వచ్చి చూసింది. బల్ల మీద ఇద్దరు మగవాళ్లు గడ్డం గుండెలకు ఆనించి నిద్రపోతున్నారు. వాళ్ల పక్కన ఒక పెద్దావిడ. ఆమె మూడో మనిషి చెయ్యి పట్టుకుని ఏదో చెబుతోంది.

"సాంచ బంద్ వెట్టినంక గూడ చెవులల్ల చప్పుడుంటది గద బిడ్డా? గది ఇను. ఆపకు. పోనియ్యి... ఇగో గల్లీ దాటింది... మానేరు వాగు దాటింది..."

మూడో మనిషి తల కూడా వాలిపోయింది.

సృజనకు ఒళ్లు మండింది.

"ఏందమ్మా ఇది? లోపలికి రావాల్సినోళ్లను ఇక్కడనే పండవెడితే నేనెవరితోని మాట్లాడాలె?"

"ఊకెనే ముచ్చట వెట్టిన బిడ్డా. పాపం, అలిసిపోయిండ్రు."

"ఎవరి తోడు వచ్చినవు నువ్వు?"

"ఎవరి తోడు గాదు."

"అయితే ఇంటికి పో. వీళ్ల టైం, నా టైం ఖరాబ్ చెయ్యకు."

పెద్దావిడ లేచి వెళ్లింది. తర్వాతి వారం మళ్లీ వచ్చింది. ఆ పై వారమూ వచ్చింది.

ఆరోజు ఒకామె లోపలికి తొంగిచూసి, "పోచమ్మవ్వతోని మాట్లాడిన మేడం, ఇగ చాలు, పోతున్న" అని వెళ్లిపోయింది.

దాంతో సృజన ఓపిక తెగిపోయింది. నేరుగా బల్ల మీదున్న పెద్దావిడ దగ్గరికి వచ్చింది.

"ఇంకోసారి నువ్వు గేటు దాటి లోపలికి రావద్దు. రెండేండ్లు చదువుకొని వచ్చింది నేను."

పోచమ్మ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసింది.

"మంచిది బిడ్డా" అని కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

రెండు వారాల్లో బల్ల సగం ఖాళీ అయింది. వచ్చినవాళ్లు కట్టెల్లా బిగుసుకుని కూర్చుంటున్నారు. సముద్రం మానేసి పూలతోట చెప్పింది సృజన. మెట్లు దిగమంది. పది నుంచి ఒకటికి లెక్కపెట్టింది. ఏదీ పారలేదు.

ఆ శుక్రవారం మహేందర్ వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"అవ్వ ఏది మేడం?"

"రాదు."

"గామె మాట్లాడిన రోజులల్లనే జెర పండుకున్న నేను."

సృజన నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. మొదటిసారి తనే అడిగింది.

"ఏం చెప్తుండె?"

"ఏం లేదు మేడం. షిఫ్టు దిగినంక చెవులల్ల మోగుతది గదా... గది ఇనమంటుండె... గల్లీ దాటింది... మానేరు..."

చెబుతూ చెబుతూనే మహేందర్ రెప్పలు బరువెక్కాయి. భుజాలు జారాయి. శ్వాస నెమ్మదించింది. కళ్ల కొసల నుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.



మనిషి రోజూ తనకు తెలియకుండానే మైమరపులోకి పోయి వస్తుంటాడు. బస్సు కిటికీ పక్కన, పొయ్యి ముందు, మగ్గం ముందు. వైద్యం చేసేవాళ్లు ఆ దారినే పట్టుకోవాలి. ఆ పాఠం సృజన చదివింది, పరీక్ష రాసింది, ఇక్కడికి వచ్చి సముద్రాన్ని పట్టుకుని వేలాడింది.

ఆ మధ్యాహ్నమే అడుగుతూ అడుగుతూ పోచమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయింది. తలుపుకు తాళం. పక్కింటి గడపలో నీల అనే ఆమె మగ్గం కండెలకు దారం చుడుతోంది.

"పోచమ్మ పెద్దమ్మనా? మొన్ననే భివండి పోయింది మేడం, తమ్ముని తానకు. ఈడ కండెలు చుట్టే పని గూడ అందరికి దొరుకుతలేదు గదా."

"ఫోన్ నంబరుందా?"

"గామెకు ఫోనెక్కడిది?"

సృజన అరుగు మీద కూర్చుంది.

"మనుషులను గట్ల నిద్రపుచ్చుడు ఏడ నేర్చుకున్నది?"

"నేర్చుకునుడేంది మేడం? కొడుకు షిఫ్టు దిగి వస్తే నిద్ర పట్టకపోవు. గట్ల చెప్పుకుంట పండవెట్టేది."

"ఆ కొడుకు ఏడున్నడు?"

నీల చేతిలో దారం ఆగింది.

"లేడు. ఉన్న పని పోయిందని రంది వెట్టుకొని పాణం తీసుకున్నడు, రెండేండ్లాయె."

తర్వాత సృజన ముఖం చూడకుండానే అంది:

"గప్పటిసంది పెద్దమ్మ కంటి మీద కునుకు లేదు మేడం, మీరు నిద్ర తెప్పిస్తరని అందరికన్న ముందు పేరు రాయించుకున్నది గామెనే, గని వచ్చినప్పుడల్ల తనకన్న తిప్పలున్నోళ్లను ముందు పొమ్మని బల్ల మీదనే కూసున్నది."