మేలురకం డై

"అది పేలి నీ మొహం మీదికొస్తే ఏంట్రా గతి?"

తుపాకుల దుకాణం తలుపు ఇంకా పూర్తిగా తెరవకముందే అనేసింది హిల్కా.

"కొననీయమ్మా ముందు," అన్నాడు యూసో. "గుమ్మంలోనే పేల్చేస్తున్నావు."

"పొగ కావాలంటే సౌనా ఆవిరిగదిలో కూర్చో. ఈ మందుగుండుతో పనేంటి నీకు?"

ఎల్క్ దుప్పుల వేటకు ఇంకా నెల ఉంది. ఈ ఏడాది తూటాలు కొననని, పేల్చేసిన తూటాల ఖాళీ తొడుగుల్లో తనే మళ్ళీ మందు నింపుకుంటానని యూసో పట్టుబట్టాడు. తూర్పు ఫిన్లాండ్‌లోని ఆ ఊళ్ళో వేటగాళ్ళు సగం మంది చేసే పనే అది. అయినా హిల్కాకు కంటిమీద కునుకు లేదు. ఉన్నది ఒక్కడే కొడుకు.

దుకాణం యజమాని రౌనో రెండు డబ్బాలు బల్లమీద పెట్టాడు.

"పేలినప్పుడు తొడుగు ఉబ్బుతుంది కదా. దాన్ని నొక్కి మళ్ళీ సైజుకు తెచ్చేది ఈ ఉక్కు డై. ఇది చవక రకం. ఇది మేలురకం, దీనికి మూడింతల ధర."

"మేలురకమైతే మావాడికి ఏం కాదుగా?"

రౌనో నోరు తెరిచేలోగా పక్కనుంచి జవాబొచ్చింది.

"చవకదే తీసుకోండమ్మా."

కాఫీ ఫ్లాస్కు పక్కన ఒక ముసలాయన కూర్చుని బన్ను తింటున్నాడు. మోచేతుల దగ్గర పోగులు లేచిన స్వెట్టరు. గోళ్ళ నిండా నలుపు. హిల్కా ఊళ్ళో ఎప్పుడూ చూసిన మొహం కాదు.

"రైఫిల్ ఎవరిది అబ్బాయ్?"

"మా తాతదండీ."

"అయితే చవక డై చాలు నీకు. మిగిలిన డబ్బు పెట్టి, తొడుగు ఎంత సాగిందో కొలిచే పనిముట్టు కొనుక్కో. పాత రైఫిళ్ళలో తూటా కూర్చునే గది ఒక్క పిసరు పొడుగుంటుంది. అందరూ బిగించినట్టు డైని నొక్కే మరలో అడుగంటా బిగించావనుకో..."

"మీరాగండి పెద్దాయనా," హిల్కా అడ్డొచ్చింది. "చవకది కొనుక్కుని కన్ను పోగొట్టుకోమంటారా నా బిడ్డని?"

"అందుకే చెబుతున్నానమ్మా. ఏ డై అయినా సరే..."

"మీదేం పోయింది! ఊరికే దొరికిన కాఫీ తాగుతూ ఊరి పిల్లలందరికీ సలహాలు. ఆ స్వెట్టరు చూస్తేనే తెలుస్తోంది మీకు చవకంటే ఎంత మోజో!"

తూటాల కోసం వచ్చిన వాళ్ళెవరో కిసుక్కున నవ్వారు.

"అమ్మా, చాల్లే," యూసో చెవులు ఎర్రబడ్డాయి.

రౌనో ఏదో అనబోయాడు. ముసలాయన చెయ్యెత్తి ఆపేశాడు.

"వదిలెయ్, రౌనో. తల్లి కదా. ఆవిడ కాదు, భయం మాట్లాడుతోంది."

టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు.

"ఏదైనా కొనుక్కో అబ్బాయ్. రేపు పొద్దున రైఫిలూ, దాంట్లో పేల్చిన తొడుగులూ ఇక్కడికి పట్టుకురా. డై ఎంతవరకు బిగించాలో చూపిస్తాను. దగ్గరుండి చూస్తేగాని తెలియదది."

మేలురకమే కొన్నారు.

మర్నాడు యూసో జాకెట్ వేసుకుంటుంటే హిల్కా తలుపుకు అడ్డం నిలబడింది.

"ఎవరో దారినపోయే మనిషి పిలిస్తే తుపాకీ భుజాన వేసుకుని పోతావా? బంగాళాదుంపలు ఇంకా మట్టిలోనే ఉన్నాయి. పద, తవ్వుదాం."

యూసో వెళ్ళలేదు. ఊళ్ళో అందరూ బిగించినట్టే డైని అడుగంటా బిగించాడు. ఇంత ఖరీదైనది, దాని పని అది చూసుకోదా అనుకున్నాడు. తూటాలు తళతళలాడుతూ వచ్చాయి. ఆ శరత్కాలంలో ఒక ఎల్క్‌ను కూడా కొట్టాడు. మేలురకం కొనిపించింది నేనేనని హిల్కా చర్చి మెట్లమీద కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంది.

అవే తొడుగులు మళ్ళీ నింపాడు. మళ్ళీ పేల్చాడు. డై నొక్కినప్పుడల్లా తొడుగు పొట్టిదవుతోంది, పేలినప్పుడల్లా సాగుతోంది. సాగి సాగి లోపల పలచబడిపోయింది. అది పైకి కనిపించదు.

మంచు కరిగాక ఒకరోజు, షూటింగ్ రేంజిలో, ఒక తొడుగు అడుగున పుటుక్కున తెగింది. నిప్పులాంటి గాలి వెనక్కి తన్నింది. యూసో పెట్టుకోవాల్సిన రక్షణ కళ్ళద్దాలు జేబులో ఉన్నాయి.

ఆసుపత్రి చుట్టూ నెలంతా తిరిగినా కుడికన్ను వెలుగును తప్ప దేన్నీ పోల్చుకోలేకపోయింది.

హిల్కా నేరుగా రౌనో దగ్గరికొచ్చి నిలబడింది. జుట్టు కూడా దువ్వుకోలేదు.

"మేలురకమన్నావు. మూడింతలు తీసుకున్నావు. దాన్ని చేసినవాణ్ణి పిలిపించు. వాడితోనే మాట్లాడతాను."

"డైలో ఏ తప్పూ లేదు హిల్కా. యూసో తెచ్చి చూపించాడు. బిగించడంలో వచ్చింది పొరపాటు."

"మరి ఎలా బిగించాలో చేసినవాడు చెప్పొద్దా? కొనే పిల్లల మొహాలు ఒక్కసారైనా చూశాడా? అమ్ముకుని ఎక్కడో హాయిగా కూర్చున్నాడా?"



బయట లారీ ఏదో వెళ్ళింది. లోపలికి రాబోయిన మనిషి హిల్కా మొహం చూసి తలుపు మెల్లగా మూసేసి వెళ్ళిపోయాడు. రౌనో శుభ్రంగా ఉన్న బల్లనే తుడుస్తూ ఉన్నాడు.

"నోరు లేదా రౌనో? ఎక్కడుంటాడు వాడు?"

చేతిలోని గుడ్డ నిదానంగా మడిచి పక్కన పెట్టాడు రౌనో.

"ఆయన్ని ఫిబ్రవరిలో మట్టి చేశాం హిల్కా," అన్నాడు చివరికి. "తన డైలు కొనే పిల్లలకు దగ్గరుండి నేర్పాలని ప్రతి ఏడూ వేటకు ముందు సరస్సు అవతలినుంచి వచ్చి కూర్చునేవాడు. ఆ రోజు నువ్వు స్వెట్టరు చూసి వెళ్ళగొట్టింది ఆయన్నే."